ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఈ-మెయిల్ ఎందుకు ఇవ్వాలి? – విద్యార్థులు, తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయాలు

మన ట్రస్టు ఉపకార వేతనం పొందే విద్యార్థుల్లో బి.కాం., బి.సి.ఏ., డిప్లొమా, ఇంజనీరింగ్ చదివేవారు ఉన్నారు. ఏ కోర్సు చదివినా ఈ రోజుల్లో కంప్యూటర్‌లో ఏదో ఒక సాఫ్ట్‌వేర్ వేసుకోక తప్పదు. వేలకు వేలు పోసి కొనే స్తోమత లేని ఇళ్లకు ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ నిజంగా ఒక వరం. కానీ ‘ఉచితం’ అని రాసి ఉన్న బటన్ నొక్కగానే కొన్ని చోట్ల సాఫ్ట్‌వేర్ రాదు, ఒక ఫారం వస్తుంది. పేరు, ఈ-మెయిల్, ఫోన్ నంబరు, కాలేజీ పేరు నింపితేనే డౌన్‌లోడ్ అంటుంది.

ఉచితమైనప్పుడు ఈ వివరాలన్నీ ఎందుకు? ఇలా అడగడం న్యాయమేనా? ఇవ్వకుండా వేరే చోట తెచ్చుకుంటే అది దొంగతనం అవుతుందా? విద్యార్థులకూ, వారి తల్లిదండ్రులకూ వచ్చే ఈ మూడు ప్రశ్నలకు తెలిసినంతలో వివరంగా జవాబు చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. డబ్బు తీసుకోకుండా ఇచ్చే సాఫ్ట్‌వేర్ అంతా ఓపెన్‌సోర్స్ కాదు. కొన్ని కంపెనీలు తమ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఇస్తాయి కానీ దాన్ని మరొకరికి ఇవ్వకూడదని, మార్చకూడదని షరతు పెడతాయి. అది కేవలం ఉచితం. ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ అలా కాదు. దానితో వచ్చే లైసెన్సు మనకు నాలుగు హక్కులు ఇస్తుంది. ఏ పనికైనా వాడుకోవచ్చు. లోపల ఎలా రాశారో చదువుకోవచ్చు. మన అవసరానికి తగ్గట్టు మార్చుకోవచ్చు. ఉన్నదాన్ని ఉన్నట్టుగా గానీ, మార్చి గానీ ఇతరులకు పంచవచ్చు.

ఈ భావనకు పునాది వేసినవారిలో ముఖ్యుడు అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్. ఆయన 1983 సెప్టెంబరులో ‘గ్నూ’ అనే ప్రాజెక్టును ప్రకటించారు. 1989లో జి.పి.ఎల్. అనే లైసెన్సు మొదటి కూర్పు వచ్చింది. హైదరాబాదులో ఈ ఉద్యమాన్ని నడుపుతున్న సంస్థ తన పేరునే ‘స్వేచ్ఛ’ అని పెట్టుకుంది. ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకే మాట కావడం వల్ల వచ్చే గందరగోళం మన తెలుగులో లేదు.

ఇక్కడ చాలామందికి ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటి ఉంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను అమ్మడం తప్పు కాదు. స్టాల్‌మన్ గారే 1985 ప్రాంతంలో తాను రాసిన ‘ఈమాక్స్’ అనే ప్రోగ్రామును టేపులో పంపడానికి 150 డాలర్లు తీసుకునేవారు. ప్రతిని అందజేసినందుకు రుసుము తీసుకోవచ్చని జి.పి.ఎల్. కూడా స్పష్టంగా చెబుతుంది. మరి 150 డాలర్లు అడగడం తప్పు కానప్పుడు ఈ-మెయిల్ అడగడం మాత్రం తప్పెలా అవుతుంది? కాదు. కనుక మొదట గ్రహించవలసింది ఇది: డౌన్‌లోడ్‌కు ముందు ఈ-మెయిల్ అడగడం లైసెన్సుకు విరుద్ధం కాదు. కానీ అది ఒక ధర. డబ్బు రూపంలో లేని ధర.

గేటు దగ్గర అడగవచ్చు, గేటు దాటాక ఆపకూడదు

చంద్రచూడేశ్వర స్వామి తేరు నాడు ఎండలో నడిచి వచ్చే భక్తులకు మజ్జిగ పోసే పందిరి ఉందనుకోండి. అక్కడ ఒకాయన పుస్తకం పట్టుకుని కూర్చుని, “పేరు, ఫోన్ నంబరు రాయించినవారికే మజ్జిగ” అన్నాడనుకోండి. పందిరి ఆయనది, మజ్జిగ ఆయనది, అడిగే హక్కు ఆయనకు ఉంది. కానీ రాయించి చెంబు నిండా మజ్జిగ తెచ్చుకున్నవాడు తన పక్కవాడికి సగం పోస్తే ఆయన అడ్డుకోలేడు. ఓపెన్‌సోర్స్ లైసెన్సు సరిగ్గా ఇలాంటిదే. పైగా ఈ చెంబులోది ఎంత పంచినా తరగదు.

ప్రతి ఒక్కసారి చేతికి వచ్చిన తర్వాత దాన్ని వందమందికి పంచే హక్కు మీకు లైసెన్సు ద్వారానే వస్తుంది. ఇచ్చినవాడు దానిపై కొత్త ఆంక్షలు పెట్టకూడదని జి.పి.ఎల్. అంటుంది. ఓపెన్‌సోర్స్ అంటే ఏమిటో 1998లో నిర్వచించిన ‘ఓపెన్‌సోర్స్ ఇనీషియేటివ్’ కూడా ఇదే చెప్పింది. చేతులు మారి ఎవరికి అందినా ఆ హక్కులు వారికీ వర్తించాలి, అందుకోసం వారు మరో ఒప్పందం చేసుకోవలసిన అవసరం ఉండకూడదు అన్నది ఆ నిర్వచనంలో ఒక షరతు.

అందుచేత మూడో ప్రశ్నకు జవాబు దొరికింది. మీ స్నేహితుడు నమోదు చేసుకుని తెచ్చుకున్న ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్‌లో మీకు ఇస్తే అది దొంగతనం కాదు. కాలేజీ ల్యాబ్‌లో ఒక్కరు దింపుకుని క్లాసంతటికీ పంచవచ్చు. అదే టాలీ వంటి అమ్మకపు సాఫ్ట్‌వేర్ అయితే యజమాని సంస్థ పెట్టిన షరతుల మేరకే వాడాలి. దాన్ని కాపీ చేసి పంచితే నేరమవుతుంది. ఈ రెంటినీ కలిపి చూడకూడదు.

ఇటీవలి ఉదాహరణ ఒకటి చెబుతాను. రెడ్‌హ్యాట్ అనే పెద్ద సంస్థ 2023 జూన్‌లో తన ఎంటర్‌ప్రైజ్ లినక్స్ సోర్స్ కోడ్‌ను అందరికీ బహిరంగంగా పెట్టడం మానేసి, ఖాతా ఉన్నవారికి తన పోర్టల్ ద్వారా ఇవ్వడం మొదలుపెట్టింది. దానికి ముందు దశ అయిన ‘సెంట్‌ఓఎస్ స్ట్రీమ్’ కోడ్‌ను మాత్రం బహిరంగంగానే ఉంచింది. సాఫ్ట్‌వేర్ ఎవరికి ఇచ్చామో వారికి కోడ్ ఇవ్వాలన్నది జి.పి.ఎల్. నియమం. లోకంలో అందరికీ ఇవ్వాలని కాదు. అయినా ఇది అక్షరానికి సరిపోయినా ఆశయానికి సరిపోదని చాలామంది విమర్శించారు.

మన తెలుగుకు జరిగిన మేలు

నమోదు అడగడం అన్ని వేళలా అనుమానించదగ్గది కాదు. 2005లో కేంద్ర ప్రభుత్వ సమాచార సాంకేతిక శాఖ, సి-డాక్ సంస్థ కలిసి భారతీయ భాషల సాఫ్ట్‌వేర్‌ను ఉచిత సీడీలుగా విడుదల చేశాయి. మొదట తమిళం, తర్వాత హిందీ, ఆ ఏడాదే తెలుగు సీడీ కూడా వచ్చాయి. తెలుగు ఫాంట్లు, కీబోర్డు డ్రైవరు, ‘భారతీయ ఓపెన్ ఆఫీస్’ తెలుగు కూర్పు వంటివి అందులో ఉండేవి. వెబ్‌సైటులో పేరు, చిరునామా నమోదు చేసుకున్నవారికి ఆ సీడీని ఉచితంగా పంపే ఏర్పాటు ఉండేది. ఇంట్లో ఇంటర్నెట్ లేని ఆ రోజుల్లో సీడీ పోస్టులో రావాలంటే చిరునామా ఇవ్వక తప్పదు కదా!

ఉబుంటు లినక్స్‌వారు కూడా 2011 వరకు ‘షిప్-ఇట్’ అనే పథకం కింద ప్రపంచమంతటికీ ఉచితంగా సీడీలు పంపారు. దానికీ ఖాతా తెరిచి చిరునామా ఇవ్వాల్సిందే. అడిగిన వివరానికీ, చేసే పనికీ నేరుగా సంబంధం ఉంది. అదే ఉబుంటును ఇంటర్నెట్ నుంచి దింపుకునేవారికి ఏ నమోదూ అవసరం లేదు. ఇదీ సరైన పద్ధతి.

బ్యాంకు పద్ధతీ ఇలాంటిదే. ఖాతా తెరిచేవారిని ఫోటో, చిరునామా, గుర్తింపు పత్రం అడుగుతారు. రేపు వారి డబ్బు వారికే చేరాలి, చట్టం కూడా అడగమంటుంది. కానీ కౌంటరు దగ్గర వంద నోటు ఇచ్చి చిల్లర అడిగినవారిని తండ్రి పేరు, ఊరు ఎవరూ అడగరు. ఆ పనికి ఆ వివరంతో అవసరం లేదు. ఎవరు ఏ వివరం అడిగినా ఈ కొలతతోనే కొలవండి: “నేను కోరిన పని జరగడానికి ఈ వివరం అవసరమా?” ఇంటర్నెట్‌లో ఒక ఫైలు మన కంప్యూటర్‌కు రావడానికి ఈ-మెయిల్ అవసరం లేదు.

మరి ఎందుకు అడుగుతారు?

కారణాలన్నీ చెడ్డవి కావు. ఎంతమంది వాడుతున్నారో లెక్క తెలుసుకోవాలని కొందరు అడుగుతారు. విరాళాలిచ్చేవారికి, గ్రాంట్లిచ్చే సంస్థలకు ఆ లెక్క చూపించాలి. భద్రతా లోపం బయటపడితే వాడుకదారులకు వెంటనే తెలియజేయాలని మరికొందరు అడుగుతారు. కానీ వ్యాపార సంస్థల విషయంలో ముఖ్య కారణం వేరు. ఉచిత కూర్పు వాడేవారిలో ఎవరు రేపు డబ్బిచ్చి పెద్ద కూర్పు కొంటారో వెతకడానికి ఈ జాబితా పనికొస్తుంది. సేల్స్ విభాగానికి అది పెట్టుబడి. ఇందులో మోసం లేదు, కానీ బి.కాం. రెండో సంవత్సరం చదివే అమ్మాయికి ఆ జాబితాలో పని లేదు.

చివరి రకం అసలైన ప్రమాదం. సాఫ్ట్‌వేర్‌తో ఏ సంబంధమూ లేనివారు దాని పేరుతో ఒక పేజీ పెట్టి ఈ-మెయిళ్లు, ఫోన్ నంబర్లు పోగుచేస్తారు. ఓటీపీ అడుగుతారు. కొందరు ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ కూడా అడుగుతారు.

పోయేది ఏమిటి?

“ఒక ఈ-మెయిల్ ఇస్తే ఏం పోతుంది, ఆస్తి రాసివ్వడం లేదు కదా” అని పెద్దలు అనవచ్చు. స్కాలర్‌షిప్ మీద ఆధారపడిన విద్యార్థికి పోయేది ఉంది. దరఖాస్తులో ఇచ్చిన ఈ-మెయిల్‌కే “మీ ఆదాయ ధృవపత్రం స్పష్టంగా లేదు, ఫలానా తేదీలోగా మళ్లీ జతపరచండి” అని కబురు రావచ్చు. అదే ఈ-మెయిల్‌ను పది డౌన్‌లోడ్ ఫారాల్లో రాస్తే రోజుకు ఇరవై ప్రకటనలు వచ్చి పడతాయి. ఆ గుంపులో ముఖ్యమైన ఒక్క ఉత్తరం కనబడకుండా పోతుంది. గడువు దాటిన తర్వాత చూసి లాభం లేదు, ఆ సంవత్సరం సహాయం పోయినట్టే. పైగా మీరు విద్యార్థి అని, ఏ కోర్సు అని, ఏ ఊరు అని తెలిసినవాడు “మీకు స్కాలర్‌షిప్ మంజూరైంది, ఈ లింకు నొక్కండి” అని నమ్మించేలా రాయగలడు. వివరాలు ఎంత ఎక్కువగా ఇస్తే మోసం అంత తేలిక.

అడగని చోట్లు చాలా ఉన్నాయి

నిజానికి విద్యార్థులకు పనికివచ్చే ముఖ్యమైన ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువ భాగానికి నమోదు అవసరమే లేదు.

పత్రాలు, లెక్కల షీట్లు, ప్రెజెంటేషన్ల కోసం లిబ్రేఆఫీస్ ఉంది. 2010లో ఓపెన్ ఆఫీస్ నుంచి విడిపోయి పుట్టింది. విరాళం ఇవ్వమని అడుగుతుంది, ఇవ్వకపోయినా డౌన్‌లోడ్ అవుతుంది. కామర్స్ విద్యార్థులు జమాఖర్చుల పద్ధతి అభ్యాసం చేయడానికి గ్నూక్యాష్ ఉంది, డబుల్ ఎంట్రీ సూత్రం మీదే నడుస్తుంది. బొమ్మలకు గింప్, ఇంక్‌స్కేప్, వీడియోలకు వీఎల్‌సీ, ప్రోగ్రామింగ్‌కు పైథాన్, గణాంకాలకు ఆర్ ఉన్నాయి. వీటిలో దేన్ని దింపుకోవడానికీ ఈ-మెయిల్ ఇవ్వనక్కరలేదు.

తెలుగు ఫాంట్ల సంగతి కూడా చెప్పాలి. తమిళనాడులో కొన్న కంప్యూటర్‌లో తెలుగు రాయాలంటే ఏం చేయాలో తెలియక హోసూరు, బాగలూరు, తళి, డెంకణికోట వైపు పిల్లలు తికమకపడతారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్ లినక్స్ భాండాగారంలోనే ఉన్నాయి. ఒక్క ఆదేశంతో వచ్చేస్తాయి, ఎవరికీ పేరు చెప్పనక్కరలేదు. తమిళనాడు ప్రభుత్వం 2011లో ప్రారంభించిన పథకం కింద పంచిన లాప్‌టాప్‌లలో విండోస్‌తో పాటు సి-డాక్ తయారుచేసిన ‘బాస్’ లినక్స్ కూడా వేసి ఇచ్చారు. అదీ డెబియన్ మీద ఆధారపడినదే. ఇంట్లో అన్న, అక్క వాడి వదిలేసిన అలాంటి లాప్‌టాప్ ఉంటే పారేయకండి.

కొన్ని చోట్ల అడిగినట్టే ఉంటుంది కానీ తప్పనిసరి కాదు. ఉదాహరణకు కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు వాడే మై-ఎస్‌క్యూఎల్ డేటాబేస్. డౌన్‌లోడ్ నొక్కితే ఒరాకిల్ ఖాతాతో లాగిన్ అవ్వమని, లేదా కొత్త ఖాతా తెరవమని పెద్ద పెద్ద బటన్లు వస్తాయి. వాటి కింద చిన్న అక్షరాల్లో “వద్దు, నేరుగా డౌన్‌లోడ్ మొదలుపెట్టండి” అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం ఉంటుంది. అది నొక్కితే చాలు. తొందరలో పిల్లలు దాన్ని చూడరు. కాబట్టి ఫారం కనబడగానే నింపడం మొదలుపెట్టకుండా పేజీ చివరి వరకు చదవండి.

మరికొన్ని చోట్ల ఒక గేటు మూసి ఉంటే పక్కనే తెరిచిన గేటు ఉంటుంది. ఒరాకిల్ సంస్థ తన పాత జావా కూర్పులు కొన్నింటిని ఖాతాతో లాగిన్ అయినవారికే ఇస్తుంది. కానీ జావాకు ఓపెన్‌సోర్స్ రూపమైన ‘ఓపెన్ జె.డి.కె.’ను ‘అడాప్టియం’ ప్రాజెక్టువారు ఏ నమోదూ లేకుండా అందిస్తున్నారు. పరీక్షలకు, ప్రాజెక్టులకు అది సరిపోతుంది.

నమోదు తప్పించుకోబోయి ఊబిలో పడవద్దు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ-మెయిల్ అడగని సైటు అంతా మంచిదని కాదు. 2015 మే నెలలో ప్రపంచ ప్రసిద్ధి పొందిన సోర్స్‌ఫోర్జ్ అనే సైటులో ఒక సంగతి బయటపడింది. గింప్ తయారీదారులు 2013లోనే ఆ సైటును వదిలి వెళ్లారు. విండోస్ కోసం గింప్ ఉన్న పేజీని ఆ తర్వాత సోర్స్‌ఫోర్జ్ తన ఆధీనంలోకి తీసుకుని, ప్రకటనల ప్రోగ్రాములు జోడించిన ఇన్‌స్టాలరుతో పంచింది. గొడవ జరిగింది. 2016లో సంస్థ చేతులు మారాక కొత్త యాజమాన్యం ఆ జోడింపు పద్ధతిని ఆపేసింది. పేరున్న చోటే అలా జరిగినప్పుడు ఊరూపేరూ లేని సైట్ల సంగతి చెప్పాలా?

అందుకే పంచుకునే హక్కు ఉన్నా, తెచ్చుకునే చోటు ముఖ్యం. తయారీదారుల సొంత సైటు నుంచి, లేదా వారు తమ పేజీలో చూపించిన అద్దం సైటు నుంచి మాత్రమే తెచ్చుకోవాలి. చాలామంది తయారీదారులు ఫైలుతో పాటు ‘చెక్‌సమ్’ అనే సంఖ్యను కూడా ప్రకటిస్తారు. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో అయితే అందులో 64 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మన చేతికి వచ్చిన ఫైలుకు మన కంప్యూటర్‌లో లెక్క కడితే అదే సంఖ్య రావాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ ఫైలు వాడకూడదు. సాయంత్రం క్యాష్ బ్యాలెన్సు పుస్తకంతో టాలీ కాకపోతే కౌంటరు మూయరు కదా, ఇదీ అంతే. స్నేహితుడి పెన్‌డ్రైవ్ నుంచి తీసుకున్నా ఈ పరీక్ష చేయవచ్చు. చేసే విధానం తెలియకపోతే ల్యాబ్ మాస్టారును అడగండి, రెండు నిమిషాల పని.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలను 2025 నవంబరులో ప్రకటించారు, అమలు దశలవారీగా సాగేలా ఏర్పాటు చేశారు. ఏ పనికోసం వివరాలు తీసుకుంటున్నారో చెప్పాలి, ఆ పనికి అవసరమైనంత వరకే సమ్మతి వర్తిస్తుంది, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం ఇచ్చినంత సులువుగా ఉండాలి అన్నవి అందులోని ముఖ్యాంశాలు. 18 ఏళ్లు నిండని పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని కూడా చట్టం చెబుతుంది. ప్లస్ టూ చదివే పిల్లలకు సాధారణంగా 18 నిండవు. కనుక తల్లిదండ్రులారా, ‘మాకు కంప్యూటర్ తెలియదు’ అని తప్పుకోకండి. పిల్లలు ఏ ఫారం నింపుతున్నారో పక్కన కూర్చుని అడగడానికి కంప్యూటర్ చదువు అక్కరలేదు.

పాటించవలసిన సూచనలు

1. స్కాలర్‌షిప్, కాలేజీ, బ్యాంకు పనులకు ఒక ఈ-మెయిల్ ఉంచుకోండి. దాన్ని మరెక్కడా ఇవ్వకండి. డౌన్‌లోడ్లు, ఇతర నమోదులకు వేరే ఈ-మెయిల్ తెరవండి. రెంటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టకండి.

2. ఫారం వచ్చినప్పుడు నక్షత్రం గుర్తు ఉన్న గడులు మాత్రమే తప్పనిసరి. మిగిలినవి ఖాళీగా వదలండి. “మా సమాచారం పంపవచ్చు” అనే గడిలో ముందే టిక్ పెట్టి ఉంటే తీసేయండి.

3. సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్‌కు ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు వివరాలు, ఓటీపీ అడిగితే ఆ పేజీ మూసేయండి. అందులో ఆలోచించవలసింది ఏమీ లేదు.

4. నమోదు తప్పనిసరి అని ఉంటే, అది నిజంగా ఓపెన్‌సోర్సేనా అని లైసెన్సు పేరు చూడండి. జి.పి.ఎల్., ఎం.ఐ.టి., అపాచీ వంటి పేర్లు ఉంటే అదే సాఫ్ట్‌వేర్ నమోదు లేకుండా దొరికే అధికారిక చోటు చాలాసార్లు ఉంటుంది. లినక్స్ వాడేవారికి దాని భాండాగారంలోనే దొరకవచ్చు.

5. ఒకరు దింపుకుంటే పదిమందికి పంచండి. ఓపెన్‌సోర్స్ అయితే అది మీ హక్కు. డేటా ఖర్చు కూడా మిగులుతుంది.

6. ఒక సాఫ్ట్‌వేర్ మీకు నిజంగా ఉపయోగపడితే, భద్రతా సమాచారం కోసం మీ ఇష్టంతో నమోదు చేసుకోవడంలో తప్పు లేదు. తప్పులు కనబడితే తయారీదారులకు రాయండి, తెలుగు అనువాదంలో సాయపడండి. జీతం లేకుండా పనిచేసేవారికి అదే మనం ఇవ్వగల కృతజ్ఞత.

ఇవ్వడం తప్పు కాదు, తెలియకుండా ఇవ్వడం నష్టం. రూపాయి ఖర్చు పెట్టేటప్పుడు దేనికి పెడుతున్నామో చూసుకునే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఈ-మెయిల్, ఫోన్ నంబరు ఇచ్చేటప్పుడు కూడా అదే అలవాటు పాటించవలసిందిగా విద్యార్థినీ విద్యార్థులకు, తల్లిదండ్రులకు మనవి. ఈ సంచిక చదివాక ఇంట్లో పిల్లల ఈ-మెయిల్ తెరిచి, స్కాలర్‌షిప్‌కు ఇచ్చిన చిరునామాలో చదవని ఉత్తరాలు ఏమైనా ఉన్నాయేమో ఒకసారి చూడండి. ‘స్పామ్’ అనే గడిలో కూడా చూడడం మరవకండి.